ప్రకృతి ఛాయాగ్రహణము - మార్గదర్శక గ్రంథమును చదువు తీరు

ఉర్దూలో గదిని 'కమరా' అందురు. చిత్రములు తీయు పెట్టెను ఇంగ్లీషువారు 'కెమెరా' అందురు. ఈ రెండు మాటలును ఒకే తల్లి బిడ్డలు. లాటిను భాషలో 'కామెరా' యనగా కమాను కప్పు గల గది. ఆ మాట పోర్చుగీసువారి నోట మన రేవులకు వచ్చి 'కమరా' యైనది. ఐరోపా శాస్త్రజ్ఞుల చేత అది చీకటి గది యను అర్థము గల 'కామెరా అబ్‌స్క్యూరా'గా మారి, తుదకు తోకను పోగొట్టుకొని 'కెమెరా'గా నిలిచినది. చంద్రుని పేరైన అరబ్బీ 'ఖమర్' నుండి ఇది పుట్టినదని కొందరు విద్యార్థులు వాదింతురు గాని నిఘంటువులు ఆ వాదమునకు సాక్ష్యమీయవు. ఇక ఆ పెట్టె చేయు పనికి మన రెండు భాషలవారును చెరియొక పేరు పెట్టుకొనిరి. తెలుగువారు నీడను చూచి 'ఛాయాచిత్రము' అనిరి. ఉర్దూవారు ప్రతిబింబమను అర్థము గల 'అక్స్' నుండి 'అక్కాసీ' అనిరి. 1839లో సర్ జాన్ హెర్షెల్ వ్యాప్తిలోనికి తెచ్చిన 'ఫొటోగ్రఫీ' యను గ్రీకు సమాసమునకు వెలుగుతో వ్రాయుట యని అర్థము. వ్రాయువానికి సిరా ఎంత ముంచవలెనో తెలియవలెను గదా! ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ సిరా లెక్కను గూర్చియే.

ఛాయాగ్రహణమున ఆసక్తి గల మా విద్యార్థులు మమ్ము అడుగు మొదటి ప్రశ్న 'ఏ కెమెరా కొనవలెను సార్?' అనునది. ఈ ప్రశ్న వెనుక తరచుగా ఒక తండ్రి నెల జీతమో, ఒక తల్లి మెడలోని గొలుసో, ఒక అన్నగారు కట్టవలసిన కిస్తులో ఉండును. కావున దీనికి తొందరపడి సమాధానము చెప్పుట తగదు. ముందు ఒక మంచి మార్గదర్శక గ్రంథమును సంపాదించి, చేత ఉన్న ఏదో ఒక సాధనముతో దానిని ఆసాంతము అభ్యసించి, పిమ్మట కొనవలసినది కొనవచ్చును. అభ్యసించిన పిమ్మట కొనవలసినది చాల తగ్గిపోవుట మేము పెక్కుమారులు చూచితిమి.

ఈ విద్యకు తెలుగులోను ఉర్దూలోను సమగ్రమైన గ్రంథములు అరుదు. ఇంగ్లీషులో మాత్రము కొదవ లేదు. జాన్ షా అను అమెరికను ఛాయాగ్రాహకుడు ప్రకృతి ఛాయాగ్రాహకుల కొరకు వ్రాసిన క్షేత్ర పద్ధతుల గ్రంథము 1984లో వెలువడినది. అంతకు ముందే కాలిఫోర్నియాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్ తన విద్యనంతటిని మూడు సంపుటములలో పెట్టెను. 'ది కెమెరా' 1980లోను, 'ది నెగటివ్' 1981లోను, 'ది ప్రింట్' 1983లోను వచ్చినవి. మూడింట ఒక భాగము మాత్రమే కెమెరాకు దక్కినదని గమనింపుడు. ఇవన్నియు ఫిల్ము కాలపు రచనలు. 1935లో పుట్టిన కోడాక్రోము ఫిల్ము తయారీ 2009లో ఆగిపోయినది. నేడు చిత్రము ఫిల్ము మీద గాక విద్యుత్ ఫలకము మీద పడుచున్నది. మరి ఈ గ్రంథములు పాతబడినవా? ఫిల్మును గూర్చిన పుటలు పాతబడినవి. వెలుగును గూర్చిన పుటలు పాతబడలేదు, ఏలయనగా సూర్యుడు తన పద్ధతిని మార్చుకొనలేదు.

తెలుగు మాధ్యమమునుండియు ఉర్దూ మాధ్యమమునుండియు వచ్చినవారు ఇట్టి గ్రంథమును తెరచి భయపడుట సహజము. భయమునకు కారణము ఇంగ్లీషు అని వారనుకొందురు. మా అభిప్రాయమున కారణము ఇంగ్లీషు కాదు, అంకెలు. ఎఫ్ 5.6, 1/250, ఐ.ఎస్.ఓ. 400 అని పుటనిండ చీమలబారువలె అంకెలు కనబడును. వీనిని కంఠస్థము చేయబోవువాడు వారము దినములలో పుస్తకమును మూసివేయును. వీనిని చదువుటకు వేరొక తీరు కలదు. కిరాణా దుకాణపు జమాఖర్చు పుస్తకమును చదివినట్లు చదువవలెను. ఈ విద్యలో ఏదియు ఊరక రాదు. ఒకచోట వచ్చినది మరియొకచోట పోవును. ప్రతి అంకెను చూచినపుడు 'దీనివలన నాకేమి జమ, ఏమి ఖర్చు?' అని అడిగినచో గ్రంథము తనంత తానే విప్పుకొనును. సరకుల పట్టికగా చదివినచో మాత్రము ప్రతి పుటయందును కొనవలసిన వస్తువే కనబడును.

మొదటి లెక్క రంధ్రమునకు సంబంధించినది. మిట్టమధ్యాహ్నము చింతచెట్టు క్రింద నిలిచి నేలను చూడుడు. ఆకుల సందులు వంకరటింకరగా ఉన్నను నేలమీద పడిన వెలుగు బిళ్లలు చాలవరకు గుండ్రముగానే ఉండును. అవి సందుల ఆకారములు కావు. ఒక్కొక్కటియు సూర్యుని బొమ్మ. 2019 డిసెంబరు 26వ తేదీ ఉదయము మన ప్రాంతములలో పాక్షిక సూర్యగ్రహణము కనబడినపుడు చెట్ల నీడలలో ఆ బిళ్లలన్నియు నెలవంకలైనవి. ఇట్టి దృశ్యమునే దాదాపు వేయి సంవత్సరముల క్రిందట బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైథమ్ శాస్త్రరీతిని పరీక్షించెను. గ్రహణాకృతిని గూర్చిన తన రచనలో ఆయన ఒక విషయము తేల్చెను. రంధ్రము చిన్నదైనపుడే నెలవంక నెలవంకగా కనబడును. రంధ్రము పెద్దదైన కొలది కొనలు మొద్దుబారి తుదకు గుండ్రని వెలుగుమచ్చ మిగులును. చిన్న రంధ్రమునకు స్పష్టత జమ, వెలుగు ఖర్చు. పెద్ద రంధ్రమునకు వెలుగు జమ, స్పష్టత ఖర్చు. కటకము వచ్చి ఈ ఖర్చును చాలవరకు తగ్గించినది గాని పూర్తిగా కొట్టివేయలేదు. గ్రహణ సమయమున సూర్యుని నేరుగా గాని, కెమెరా కన్నమునుండి గాని చూడరాదని ఈ సందర్భమున హెచ్చరించుట మా ధర్మము. నేలమీది బిళ్లలను చూచుటకు మాత్రము భయము లేదు.

గ్రంథములలో ఎఫ్ 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని కనబడు వరుస ఈ రంధ్రపు కొలతయే. కటకము యొక్క నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముతో భాగించిన వచ్చునది ఆ అంకె. 50 మి.మీ. కటకమునకు రంధ్రము 25 మి.మీ. తెరచిన అది ఎఫ్ 2; 12.5 మి.మీ. తెరచిన ఎఫ్ 4, 6.25 మి.మీ. తెరచిన ఎఫ్ 8. అంకె పెరిగిన కొలది రంధ్రము ఏల చిన్నదగుచున్నదో ఇప్పుడు తెలియును, ఏలయనగా అది భాగహారమునందలి ఫలము. వరుసలోని అంకెలు ఇంత వింతగా ఏల ఉన్నవని అడుగువారు ఉందురు. వృత్తపు వైశాల్యము సగము కావలెనన్న వ్యాసమును రెండు యొక్క వర్గమూలముతో, అనగా సుమారు 1.4తో భాగింపవలెను. కావున ప్రతి అంకెయు ముందరి అంకెకు 1.4 రెట్లు. ఒక మెట్టు ఎక్కిన వెలుగు సగము. ఒక మెట్టు దిగిన రెట్టింపు. పదవ తరగతి గణితము ఇంత చక్కగా అక్కరకు వచ్చు చోటు మరియొకటి మాకు తోచదు.

రెండవది షట్టరు. 1/30, 1/60, 1/125, 1/250, 1/500, 1/1000 సెకను అని దాని వరుస. ఇందును ప్రతి మెట్టునకు వెలుగు సగమగును. ఎక్కువసేపు తెరచిన వెలుగు జమ, కదలిక వలన మసక ఖర్చు. మూడవది ఐ.ఎస్.ఓ. అను గ్రాహకశక్తి. 100, 200, 400, 800 అని పెంచుకొనుచు పోయిన తక్కువ వెలుగుతోనే పని జరుగును గాని, ఫిల్ము కాలమున బొమ్మ గరుకుదేరెడిది. నేడు రంగులలో ఇసుక చల్లినట్లు చుక్కలు కనబడును. మూడు వరుసలును మెట్టుకు సగమో రెట్టింపో అగుటచే వీనిని చిల్లర నాణెములవలె ఒకదానికి ఒకటి మార్చుకొనవచ్చును. గ్రంథములోని రహస్యమంతయు ఇంతే.

ఉదాహరణ చూతము. నిర్మలమైన ఎండలో రంధ్రమును ఎఫ్ 16 వద్ద ఉంచి, షట్టరును ఐ.ఎస్.ఓ. అంకెకు సరిపోవునట్లు పెట్టవలెనని ఒక పాత సూత్రము కలదు. ఐ.ఎస్.ఓ. 100 అయినచో షట్టరు 1/125. దీనికి యంత్రమక్కరలేదు, ఎండయే సాక్షి. ఇప్పుడు చెరువు గట్టున లకుముకి పిట్ట నీటిలోనికి దూకుచున్నది. 1/125 సెకనులో అది నీలి గీతగా మాత్రమే పడును. 1/1000 కావలెను. అనగా 250, 500, 1000 అని మూడు మెట్లు ఖర్చు. ఆ మూడు మెట్లను రంధ్రము తెరచి 11, 8, 5.6 అని రాబట్టుకొనవలెను. లెక్క సరిపోయినది. కాని అదే పిట్ట తెల్లవారుజామున దూకినచో వెలుగు మరి మూడు మెట్లు తక్కువగా ఉండవచ్చును. కటకము ఎఫ్ 5.6 కంటె తెరచుకొననిచో రంధ్రము నుండి అప్పు పుట్టదు. అప్పుడు ఐ.ఎస్.ఓ. 200, 400, 800 అని మూడు మెట్లు ఎక్కి, గరుకును భరింపవలెను. ఎఫ్ 2.8 వరకు తెరచుకొను దూరదృష్టి కటకములు కొన్ని రెట్ల ధర పలుకుట ఈ రెండు మెట్ల కొరకే. ఆ రెండు మెట్లు తనకు నిజముగా కావలెనో లేదో లెక్క తెలిసినవాడు నిర్ణయించుకొనగలడు. లెక్క తెలియనివానికి దుకాణదారు నిర్ణయించును.

ఇంతవరకు వచ్చినవారు సహజముగా 'ఈ లెక్కలన్నియు కెమెరాయే చేయును గదా' అందురు. చేయును. కాని దానికొక మూఢనమ్మకము కలదు. లోకమంతయు మధ్యరకపు బూడిదవన్నె యని వెలుగుమాపకము నమ్మును. తనమీద పడిన వెలుగులో నూటికి 18 వంతులు తిప్పికొట్టు బూడిదవన్నె అట్టకు సరిపోవునట్లు దానిని అమర్చుట గ్రంథకర్తల వాడుక. మన పొలములలో నిత్యము కనబడు దృశ్యమునే తీసికొందము. గేదె మీద తెల్లకొంగ నిలిచియున్నది. చుట్టును పచ్చని వరిపైరు. మాపకమును కొంగకు గురిపెట్టిన అది 'ఇంత వెలుగా!' యని బెదరి వెలుగును తగ్గించును. కొంగ మాసిన పంచెవలె వచ్చును. గేదెకు గురిపెట్టిన 'ఇంత చీకటియా!' యని వెలుగును పెంచును. గేదె బూడిదవన్నెకు తిరుగును, దానిపై కొంగ ఈకలు లేని తెల్లకాగితమగును. కావున బొమ్మనిండ కొంగయే ఉన్నపుడు మాపకము చెప్పినదానికంటె ఒకటిన్నర మెట్టు వెలుగు పెంచవలెను. గేదెయే ఉన్నపుడు ఒకటిన్నర మెట్టు తగ్గింపవలెను. ఈ రెండింటికంటె సులభమార్గము అదే ఎండలో ఉన్న పచ్చికకు గురిపెట్టి చూచుట. పచ్చిక ఇంచుమించు ఆ మధ్యరకపు వన్నెలోనే ఉండును. పచ్చిక లేనిచోట తన అరచేయి యుండనే యున్నది. బూడిదవన్నె అట్టకును తన అరచేతికిని భేదమెంతో ఒక్కమారు కొలిచి గుర్తుంచుకొన్నచో ఆ మాపకమును ఎవడును దొంగిలింపలేడు.

ఈ వన్నెల లెక్కనే ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అను ఇరువురు 1940 ప్రాంతమున లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ సెంటర్ స్కూలులో పాఠముగా కూర్చిరి. నలుపును 0గాను, తెలుపును 10గాను ఉంచి, నడుమ 5వ మండలమున ఆ బూడిదవన్నెను నిలిపిరి. ఒక్కొక్క మండలమునకు ఒక్కొక్క మెట్టు. దృశ్యములోని ఏ భాగము ఏ మండలమున పడవలెనో ముందుగా మనస్సున నిర్ణయించుకొని పిమ్మట షట్టరు మీటవలెనని వారి బోధ. 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము ఆడమ్స్ న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామము ప్రక్కగా పోవుచు, చంద్రోదయమును, క్రింద చర్చి శ్మశానములోని తెల్లని శిలువలను చూచి బండి ఆపెను. వెలుగుమాపకము సామానులో ఎక్కడనో పడి దొరకలేదు. ప్రొద్దు గ్రుంకుచుండెను. చంద్రుని వెలుగు చదరపు అడుగునకు 250 క్యాండిళ్లని ఆయనకు జ్ఞాపకముండెను. చంద్రుని 7వ మండలమున నిలిపి, మిగిలినది మనస్సులోనే గుణించి ఒక్క చిత్రము తీసెను. రెండవ ఫలకమును సిద్ధము చేయునంతలో శిలువల మీది ఎండ పోయినది. ప్రపంచ ప్రసిద్ధమైన ఆ చిత్రము సామానుపెట్టెలోనుండి రాలేదు, నోటిలెక్కలోనుండి వచ్చినది.

ఫిల్ము, విద్యుత్ ఫలకము అను భేదము ఇక్కడ కొంత తెలియవలెను. నెగటివు ఫిల్ములో నీడల వివరము పోయిన తిరిగిరాదు. స్లైడు ఫిల్ములోను, నేటి విద్యుత్ ఫలకములోను తెలుపు వివరము పోయిన తిరిగిరాదు. కావున నేటి విద్యార్థి కొంగను చూచి వెలుగు పెట్టవలెను, గేదెను కాదు. సెల్‌ఫోను మాత్రమే ఉన్నవారు నిరుత్సాహపడనక్కరలేదు. పెక్కు ఫోనులలో రంధ్రము మారదు గాని, తెరమీద కొంగను వేలితో తాకి, వెలుగు గుర్తును క్రిందికి జరిపినచో పైన చెప్పిన పాఠమంతయు అభ్యాసమునకు వచ్చును.

కటకములను గూర్చిన అధ్యాయము విద్యార్థులు అందరికంటె ముందు తెరచునది. 35 మి.మీ. ఫిల్మునకు, అనగా 24కు 36 మి.మీ. చట్రమునకు 50 మి.మీ. కటకము సామాన్యము. 300 మి.మీ. కటకము వస్తువును దానికి ఆరు రెట్లు పెద్దదిగా చూపును. చూపుట జమ, ఖర్చు ఏమి? చేతి వణకు కూడ ఆరు రెట్లగును. చేతితో పట్టుకొని తీయువాడు షట్టరును నాభ్యంతరపు అంకెకు తక్కువ కాకుండ, 300 మి.మీ. కటకమునకు 1/300 కంటె వేగముగా ఉంచవలెనని ఒక సూత్రము. అంత వెలుగు లేనిచో ట్రైపాడ్ అను ముక్కాలి కావలెను. కొత్త కటకమునకు పదివేలు పెట్టువాడు ముక్కాలికి వేయి రూపాయలు పెట్టుటకు వెనుదీయుట మాకు ఎప్పుడును వింతగనే తోచును. అదియు లేనిచో గుడ్డసంచిలో బియ్యమో ఇసుకయో నింపి, గట్టు మీద ఉంచి, దానిపై కటకమును ఆనింపవచ్చును. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ (1912-1996) పలు కెమెరాల భాగములను కూర్చి తానే సిద్ధపరచుకొన్న బరువైన పరికరముతో ఏనుగులను నలుపు తెలుపులలో తీసి, దశాబ్దముల పాటు పత్రికలలో ప్రకృతి రచనలు చేసిరి. నూతన నమూనాల కొరకు ఎదురుచూచుచు కూర్చుండెడివారికి ఆయన జీవితము మంచి మందు.

దగ్గరి చిత్రముల విషయము మరింత రుచికరమైనది, ఖర్చు తక్కువైనది. 50 మి.మీ. కటకమునకు వెనుక 50 మి.మీ. పొడవు గల బోలు గొట్టమును తగిలించిన వస్తువు తన నిజ పరిమాణమున ఫిల్ము మీద పడును. గొట్టములో గాజు లేదు, గాలి మాత్రమే. ఐనను లెక్క లెక్కయే. వెలుగు రెండు మెట్లు పోవును. అంతకంటె పెద్ద ఖర్చు మరియొకటి కలదు. స్పష్టముగా కనబడు లోతు, ఎఫ్ 16 వరకు రంధ్రమును మూసినను, దాదాపు 2 మి.మీ. మాత్రమే. సీతాకోకచిలుక కన్ను స్పష్టమైన రెక్క మసక. రెక్క స్పష్టమైన కన్ను మసక. గ్రంథకర్తలు చెప్పు ఉపాయము రేఖాగణితమునకు చెందినది. మూసిన రెక్కల తలమునకు కెమెరా వీపు సమాంతరముగా ఉండునట్లు ప్రక్కనుండి తీయవలెను. ఉన్న 2 మి.మీ.లలోనే చిలుక అంతయు ఇమిడిపోవును. దీనికి అడవులకు పోనక్కరలేదు. పెరటిలోని కరివేపాకు చెట్టు మీద పెద్ద రెక్కల చిలుకలు గ్రుడ్లు పెట్టును. బీడులోని జిల్లేడు మీద నారింజ వన్నె చిలుక పెట్టును. ఉదయపు చలిలో వాని దేహము వేడెక్కదు కావున ఎగురలేక ఎండకు రెక్కలు విప్పి కూర్చుండును. సూర్యోదయమునకు ముందు లేచువానికి ప్రకృతి ఇచ్చు రాయితీ ఇది. కొందరు చిలుకను శీతలయంత్రములో పెట్టి మరబొమ్మను చేసి తీయుదురు. అట్టి చిత్రమున కాళ్ల పొందిక చూడగనే ఎరిగినవారికి దొంగతనము తెలిసిపోవును.

వడపోత గాజులలో ధ్రువణ గాజు ఒక్కటి చాలును. అది ఆకుల మీదను నీటి మీదను మెరుగును తీసివేసి నిజమైన రంగును చూపును. ఒకటిన్నర నుండి రెండు మెట్ల వెలుగును తినును. సూర్యునికి లంబముగా ఉన్న దిక్కున ఆకాశము మీద దాని ప్రభావము అధికము. ఫ్లాషు, సంచులు, వార్లు మొదలైనవానిని గూర్చిన పుటలను త్వరగా త్రిప్పివేయవచ్చును.

ఇక పక్షులు. పక్షి దగ్గరకు పోవుటకు రెండు మార్గములు: పొడవైన కటకము, లేదా మాటు. మాటు అను మాట వేటగాండ్రది. ఇంగ్లండులోని యార్క్‌షైరుకు చెందిన రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అను సోదరులు 1895లో పక్షి గూళ్లను గూర్చిన గ్రంథమును అంతయు ప్రకృతిలో తీసిన ఛాయాచిత్రములతో వెలువరించిరి. పిమ్మట వారు ఎద్దు తోలును బోలుగా కుట్టించి, దాని కడుపులో దూరి పక్షులను తీసిరి. నవ్వు వచ్చును గాని వారి ఆలోచన సరియైనది. పక్షికి అలవాటైన ఆకారము నుండి పక్షి పారిపోదు. తొలిదినములలో పక్షిశాస్త్రమునకు తుపాకియే సాధనము. 1931-32లో సాలిం ఆలీ హైదరాబాదు సంస్థానమున పక్షులను సర్వే చేసినపుడు కూడ నమూనాలను కాల్చి సేకరించుటయే శాస్త్రసంప్రదాయము. తుపాకి స్థానమున కెమెరా వచ్చినది గాని మాటలు మారలేదు. ఇంగ్లీషులో కాల్చుటకును చిత్రము తీయుటకును 'షూట్' అను ఒకే క్రియ. మన తెలుగు మాత్రమేమి తక్కువ? ఫొటోయు 'తీయుదుము', ప్రాణమును 'తీయుదుము'.

ఇది మాటల చమత్కారము మాత్రమే కాదు. ఎరిక్ హాస్కింగ్ అను ఆంగ్ల ఛాయాగ్రాహకుడు 1937లో గుడ్లగూబ గూటి చెంతకు రాత్రివేళ పోయి దాని గోళ్ల వలన ఒక కన్ను కోల్పోయెను. ఆ పిమ్మటను ఆయన జీవితాంతము పక్షులనే తీసెను. అది మనుష్యునకు కలిగిన నష్టము, కనబడును. పక్షికి కలుగు నష్టము కనబడదు, ఏలయనగా అది మనము చిత్రము తీసికొని ఇంటికి పోయిన తరువాత జరుగును. తీతువు పిట్ట వేసవిలో బయలు నేలమీదనే, గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. ఎండవేళ తల్లి గాని తండ్రి గాని గ్రుడ్లకు నీడ పట్టి నిలుచును. పొట్ట ఈకలను నీటిలో తడిపికొని వచ్చి వానిని చల్లబరచును. మనుష్యుడు దగ్గర నిలిచినంతసేపు అది అరచుచు చుట్టు తిరుగునే గాని గ్రుడ్ల మీదికి రాదు. ఆ అరపు వినువానికి మంచి చిత్రము దొరకినట్లుండును. గ్రుడ్లు మాత్రము ఎండలో ఉడుకుచుండును. చెట్టుమీది గూడైనచో కొమ్మ అడ్డమని విరచుదురు. ఆ కొమ్మ పిల్లలకు ఎండ తగలకుండను, కాకికి గూడు కనబడకుండను పక్షి ఎన్నుకొన్న తెర. కొంగల గుంపు నడుమ నిలిచి చప్పట్లు కొట్టి ఎగురగొట్టువారును కలరు. గూళ్లు విడిచి అవి లేచిన కొద్ది నిమిషములు కాకులకు పండుగ.

ఈ ఒక్క చోట మా జమాఖర్చు పద్ధతి ఆగిపోవును. వెలుగును స్పష్టతతో మార్చుకొనవచ్చును, దూరమును ఓర్పుతో మార్చుకొనవచ్చును. ఇక్కడ జమ మనది, ఖర్చు పక్షిది. అట్టి లెక్కను ఏ దుకాణమునందును న్యాయమనరు. చట్టము కూడ ఇదే చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున 'వేట' అను పదమునకు ఇచ్చిన నిర్వచనములో అడవి పక్షుల గ్రుడ్లను పాడుచేయుట మాత్రమే గాక, గ్రుడ్లను గాని గూళ్లను గాని కలవరపరచుట కూడ చేరియున్నది. తుపాకి పట్టనివాడు కూడ కెమెరాతో వేటగాడు కావచ్చునన్నమాట. అభయారణ్యములలో ఛాయాచిత్రముల కొరకు ప్రవేశింపవలెనన్న అదే చట్టపు 28వ సెక్షను క్రింద అనుమతి పొందవలెను.

కావున గూళ్లను చూడదలచిన విద్యార్థి మొదట పక్షులే మనుష్యులకు అలవాటుపడిన చోటికి పోవుట మేలు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులోని చెట్లపై ఎర్రకాళ్ల కొంగలును గూడబాతులును ఊరిప్రక్కనే గూళ్లు కట్టును. నెల్లూరు ప్రాంతమున నేలపట్టు, శ్రీకాకుళము ప్రాంతమున తేలినీలాపురము అట్టివే. గట్టు మీదనే నిలిచి, బాటను విడువక, ఉదయపు ఎండను వీపున పెట్టుకొని తీయవలెను. గట్టునుండి చిత్రము చిన్నదిగా వచ్చిన రానిండు. చెట్టును, నీటిని, గుంపును చేర్చి తీసిన చిత్రములో పక్షి ఇంటి సంగతి తెలియును. ముక్కు మాత్రమే నిండిన చిత్రములో కటకపు ధర తెలియును. మాటు వేయవలసి వచ్చినచో గూటికి చాల దూరమున ఆరంభించి, దినమునకు కొంత చొప్పున ముందుకు జరుపవలెను. పక్షి గూటికి తిరిగివచ్చుటకు జంకినచో ఆ దినమే మాటును వెనుకకు జరుపవలెను, లేదా విప్పివేయవలెను.

చివర ఒక నోటుపుస్తకము. తేదీ, వేళ, వెలుగు స్థితి, రంధ్రము, షట్టరు, ఐ.ఎస్.ఓ., మాపకమును దేనికి గురిపెట్టినది, పక్షి అప్పుడేమి చేయుచుండినది అని గడులు గీసికొనవలెను. నేటి కెమెరాలు అంకెలను తమంత తామే వ్రాసికొనును గాని చివరి రెండు గడులను నింపజాలవు. స్థలము గడిలో ఊరి పేరు వ్రాయవచ్చును. గూడు ఏ చెట్టు మీదనో, ఏ గట్టు మలుపునో మాత్రము వ్రాయరాదు. ఆ పుస్తకమును స్నేహితులు కూడ చూతురు.